న్యూట్రాన్‌కు తూకపురాయి

కిరాణా కొట్టు త్రాసు నిజం చెబుతోందో లేదో తేల్చడం సులువే. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిలో రాయి పెట్టి చూస్తే సరి. మరి కంటికి కనిపించని, చేతికి చిక్కని న్యూట్రాన్లను కొలిచే పరికరం సంగతేమిటి? దాన్ని దేంతో సరిచూడాలి?

జర్మనీలో మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్‌లో ఈ ప్రశ్న రోగుల ప్రాణాలతో ముడిపడింది. అక్కడి పరిశోధనా రియాక్టర్ 1957లో మొదలైంది. గుడ్డులా ఉండే ఆ భవనాన్ని జనం ముద్దుగా 'అణుగుడ్డు' అన్నారు. ఊరి అధికార చిహ్నంలోనూ దానికి చోటిచ్చారు. 1985 నుంచి అక్కడ న్యూట్రాన్లతో క్యాన్సర్ కణితులకు చికిత్స చేశారు. 2000లో అది మూతపడింది. పక్కనే కట్టిన ఎఫ్‌ఆర్‌ఎం-2 రియాక్టర్ 2004లో మొదలయ్యాక, 2007 నుంచి అక్కడా ఈ చికిత్స చేపట్టారు.

రియాక్టర్‌లో పుట్టిన న్యూట్రాన్లు భారజలంలో అటూ ఇటూ తగిలి నెమ్మదిస్తాయి. చికిత్సకు మాత్రం వేగంగా వెళ్లేవి కావాలి. అందుకని నెమ్మదించినవాటిని యురేనియం పలకల మీదికి వదులుతారు. అక్కడ కొత్తగా విచ్ఛిత్తి జరిగి తాజా న్యూట్రాన్లు పుంజంగా బయటికొస్తాయి. వీటి వేగం సగటున సెకనుకు దాదాపు 19 వేల కిలోమీటర్లు.

చిక్కంతా ఇక్కడే ఉంది. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి పరికరం దాన్ని నేరుగా పసిగట్టలేదు. గోళీ మరో గోళీని కొట్టినట్టు అది హైడ్రోజన్ కేంద్రకాన్ని ఢీకొంటే, ఎగిరిపడే ప్రోటాన్‌ను బట్టే పోల్చుకోవాలి. పైగా పుంజంలో గామా కిరణాలూ కలిసొస్తాయి. రెండింటి ప్రభావం ఒకటి కాదు. రేడియేషన్ రక్షణ లెక్కల్లో గామాకు 1 మార్కు వేస్తే, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్‌కు సుమారు 20 వేస్తారు. ఒకదాన్ని మరొకటిగా లెక్కగడితే కణితికి చాలినంత మోతాదు అందకపోవచ్చు, లేదా పక్కనున్న మంచి కణజాలం దెబ్బతినొచ్చు.

దీనికో ఉపాయముంది. వాయువు నింపిన చిన్న గదులు రెండు తీసుకుంటారు. ఒకదాని గోడ మన కండరాన్ని పోలిన, హైడ్రోజన్ దండిగా ఉన్న ప్లాస్టిక్. అది న్యూట్రాన్లకూ గామాకూ స్పందిస్తుంది. రెండోదాని గోడ మెగ్నీషియం, లోపల ఆర్గాన్. అది ఎక్కువగా గామానే పట్టుకుంటుంది. ముందు రెండింటినీ మోతాదు కచ్చితంగా తెలిసిన కోబాల్ట్-60 గామా కిరణాల్లో పరీక్షిస్తారు. తర్వాత న్యూట్రాన్ పుంజంలో పెట్టి, ఒకదాని లెక్క నుంచి మరొకదాన్ని తీసివేస్తారు. మిగిలేది న్యూట్రాన్ల వాటా.

పుంజంలో ఏ వేగం న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో కూడా తెలియాలి. దానికి సాక్షులు లోహపు రేకులు. బంగారు రేకు ముఖ్యంగా నెమ్మదైన న్యూట్రాన్లను పట్టి రేడియోధార్మికమవుతుంది. ఇండియం రేకులో ఒక రకం మార్పు వేగంగా వచ్చేవి తగిలితేనే జరుగుతుంది. గంధకంలో ఇంకా వేగమైనవి కావాలి. పుంజంలో కాసేపు ఉంచి తీసి, రేకుల్లో పుట్టిన రేడియోధార్మికతను కొలిస్తే లెక్క తేలుతుంది. అయితే తాత్సారం కూడదు. ఇండియంలో పుట్టినది నాలుగున్నర గంటలకే సగమైపోతుంది, బంగారంలోది 2.7 రోజులకు.

ఇలా లెక్క తేలిన పుంజమే తూకపురాయి. కొత్త పరికరాన్ని అందులో ఉంచితే, అది చూపిన అంకెకూ అసలు అంకెకూ ఉన్న తేడా బయటపడుతుంది. ఆ తేడాను సరిచేసే గుణకాన్ని పరికరం పత్రంలో రాసి పెట్టుకుంటారు. ఇక ఆ పరికరం ఎక్కడికెళ్లినా ఆ గుణకం దాని వెంటే ఉండాలి.

చికిత్స గదిలో పడుకున్న రోగికి ఈ రేకుల సంగతి తెలియదు. డాక్టరు కూడా చూసేది తెరమీది అంకెనే. ఆ అంకెను నమ్మవచ్చని ముందుగా తేల్చి చెప్పేది మాత్రం ఈ రేకులూ, ఆ రెండు చిన్న గదులే.