తాళం కొన్నారు, వేయడం మరిచారు

సైబర్ భద్రత సలహాదారులకు గిరాకీ పెరుగుతోంది. వారిచ్చే నివేదికలు చదివేవారికే కరువు.

కోల్‌కతా విమానాశ్రయం నుంచి సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్ వైపు వచ్చే దారిలో న్యూటౌన్ తగులుతుంది. పాతికేళ్ల కిందట అవి రాజార్‌హాట్ పొలాలు, చేపల చెరువులు. 1999లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిడ్కో ఆ భూములు సేకరించి కొత్త నగరం కట్టింది. భూములు పోయిన రైతుల గోడు వేరే కథ. ఇప్పుడక్కడ టీసీఎస్ గీతాంజలి పార్కు, డీఎల్‌ఎఫ్ అద్దాల భవనాలు, ఇకోస్పేస్ వంటి ఐటీ సముదాయాలు ఉన్నాయి. 2018లో మమతా బెనర్జీ ప్రభుత్వం ఇక్కడే 'బెంగాల్ సిలికాన్ వ్యాలీ' పేరుతో మరో ఐటీ కేంద్రానికి శ్రీకారం చుట్టింది. హైదరాబాద్‌కు చెందిన కంట్రోల్‌ఎస్ సంస్థ డేటా కేంద్రం కూడా న్యూటౌన్‌కు చేరింది. అంటే తూర్పు భారతంలోని బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల సమాచారాన్ని భద్రపరిచే వ్యాపారంలో తెలుగువారికీ వాటా ఉందన్నమాట.

సమాచారం ఉన్నచోటికి కాపలాదార్లు రాక తప్పదు. సైబర్ భద్రత సలహా సేవలు అలా పుట్టుకొచ్చిన వ్యాపారమే. పెద్ద కంపెనీల్లో ఇదొక విభాగం. చిన్న సంస్థలకు ఇదే బతుకుతెరువు. వీరు చేసే పని వినడానికి సులువే. కక్షిదారు అనుమతితో అతని కంప్యూటర్ల మీద తామే దొంగల్లా దాడి చేసి కన్నాలెక్కడున్నాయో చెబుతారు. ఉద్యోగులకు ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి ఎందరు నొక్కుతారో లెక్క తీస్తారు. సర్వర్లలో జరిగేదాన్ని ఇరవైనాలుగు గంటలూ తెరల మీద గమనిస్తారు. నిజంగానే దొంగలు పడితే అర్ధరాత్రయినా పరుగెత్తుకొచ్చి మంటలార్పుతారు. చివరికి ఒక నివేదిక ఇస్తారు. అసలు కథ ఈ నివేదిక దగ్గరే మొదలవుతుంది.

దానికి ముందు న్యూటౌన్‌లోనే ఉన్న మరో వ్యాపారం గురించి చెప్పుకోవాలి. సెక్టార్ ఫైవ్, న్యూటౌన్‌లలో నకిలీ కాల్‌సెంటర్ల మీద బిధాన్‌నగర్ పోలీసులు దాడులు చేయడం, డజన్ల కొద్దీ యువతీయువకులను అరెస్టు చేయడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. వాటి పద్ధతి దాదాపు ఒకటే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఒక వృద్ధుడి కంప్యూటర్ తెర మీద 'మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అన్న హెచ్చరిక మెరుస్తుంది. ఆయన ఫోన్ చేస్తే ఇక్కడెవరో ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడి, దూరం నుంచే ఆ కంప్యూటర్‌ను తమ చేతుల్లోకి తీసుకుంటారు. లేని వైరస్‌ను తీసేసినందుకు ఫీజు వసూలు చేస్తారు. మాట నమ్మితే బ్యాంకు ఖాతా వరకూ వెళ్తారు.

దీనికీ సలహా వ్యాపారానికీ సంబంధం ఏమిటన్న అనుమానం రావచ్చు. రెండింటిలోనూ కక్షిదారును అడిగేది ఒకటే: 'మీ కంప్యూటర్లోకి మమ్మల్ని రానివ్వండి, బాగుచేసి పెడతాం.' నిజాయితీ సంస్థ పని మొదలుపెట్టేముందు రాతపూర్వక అనుమతి తీసుకుంటుంది. ఏ సర్వర్‌ను ముట్టుకుంటారో, ఏది ముట్టుకోరో, ఎన్ని రోజులో, చూసిన సమాచారాన్ని తర్వాత ఏం చేస్తారో ఒప్పందంలో ఉంటుంది. మోసగాడికి ఇవేవీ అక్కర్లేదు. తేడా కాగితంలో ఉంది. చిక్కల్లా చాలా సంస్థలు ఆ కాగితాన్ని చదవకుండానే సంతకం పెట్టడం.

మన దేశంలో ఈ ఆడిట్లు చేసేందుకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కొన్ని కంపెనీలను గుర్తించి జాబితాలో చేర్చింది. 2004 నుంచి పనిచేస్తున్న ఈ సంస్థే దేశంలో సైబర్ దాడులకు కేంద్ర కార్యాలయం లాంటిది. ప్రభుత్వ వెబ్‌సైట్ ఏదైనా సర్వర్ ఎక్కాలంటే జాబితాలోని ఆడిటర్ నుంచి 'సురక్షితం' అన్న సర్టిఫికెట్ ఉండాలి. నియమం మంచిదే. కానీ నియమం వెంటే టెండరూ వచ్చింది. టెండరంటే తక్కువ ధర వేసినవాడిదే పని. తక్కువ ధరకు దొరికేది, ఒక సాఫ్ట్‌వేర్ పరికరాన్ని నడిపి అది కక్కిన వంద పేజీలకు అట్ట వేసి ఇచ్చే సేవ. అందులో ప్రమాదకరమైన కన్నాలు మూడుంటే, వాటి చుట్టూ పనికిరాని హెచ్చరికలు మూడొందలు. చదివే అధికారికి ఏది ఏదో తెలియదు. ఏడాది తిరిగాక వచ్చే ఆడిటర్ మళ్లీ అవే రాస్తాడు. కోడలి కాపురం కంటే ఆడిట్ కాపురమే నయం, ఎవరూ గొడవపడరు!

గొడవ పడకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతం చెబుతుంది. 2021 నవంబర్‌లో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. ఆ ఇద్దరి కంప్యూటర్లలోకి, దూరం నుంచి యంత్రాన్ని నడిపించే దొంగ సాఫ్ట్‌వేర్ చేరింది. దొంగలు తొందరపడలేదు. దాదాపు రెండు నెలలపాటు లోపలే ఉండి ఎవరి పాస్‌వర్డ్‌కు ఎంత అధికారం ఉందో గమనించారు. 2022 జనవరిలో ఒక వారాంతాన బ్యాంకు మూసి ఉన్న సమయం చూసి రూ.12.48 కోట్లు తరలించారు. సొమ్ము మొదట 115 ఖాతాలకు, అక్కడి నుంచి 398 ఖాతాలకు వెళ్లి, దేశంలోని 938 ఏటీఎంల నుంచి నోట్లుగా బయటికొచ్చింది.

దర్యాప్తు వివరాలు వెల్లడిస్తూ అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ దొంగలతోపాటు బ్యాంకు యాజమాన్యాన్నీ తప్పుపట్టారు. ఫైర్‌వాల్‌కు సరైన లైసెన్సు లేదు. మోసపు మెయిళ్లను అడ్డుకునే ఏర్పాటు లేదు. ఒక కంప్యూటర్‌లోకి చొరబడినవాడు మొత్తం నెట్‌వర్క్‌లో తిరగకుండా మధ్యలో గోడలు కట్టలేదు. సర్వాధికారాలున్న 'సూపర్ యూజర్' ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కటీ అంతుచిక్కని విద్య కాదు. రిజర్వు బ్యాంకు అర్బన్ బ్యాంకులకు ప్రాథమిక సైబర్ భద్రత నిబంధనలు 2018 అక్టోబర్‌లోనే ఇచ్చింది. 2019 డిసెంబర్‌లో బ్యాంకు స్థాయిని బట్టి వాటిని కట్టుదిట్టం చేసింది. అంటే దొంగలు రావడానికి రెండేళ్ల ముందే ఏం చేయాలో కాగితం మీద ఉంది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ నిబంధనలు పాటించనందుకు మహేశ్ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ చాలదు, ఏడాది దాటింది.

సహకార బ్యాంకు విషయంలో మరో మెలిక ఉంది. అందులో వాటాదారులు బొంబాయి స్టాక్ మార్కెట్‌లో ఎక్కడో ఉండరు. చిన్న వ్యాపారులు, అప్పు తీసుకున్న సభ్యులే వాటాదారులు. పోయిన సొమ్మైనా, కట్టిన జరిమానా అయినా చివరికి వాళ్ల లాభంలోంచి పోవాల్సిందే. కంప్యూటర్ విభాగానికి ఏడాదికి ఎంత కేటాయించారని సర్వసభ్య సమావేశంలో లేచి అడిగే సభ్యుడు మాత్రం అరుదు. డివిడెండు ఎంతో అందరూ అడుగుతారు.

వారాంతం కోసం కాచుకోవడం మహేశ్ బ్యాంకు దొంగలు కనిపెట్టిన ఉపాయం కాదు. న్యూటౌన్ నుంచి సరిహద్దు దాటితే వచ్చే బంగ్లాదేశ్‌లో 2016 ఫిబ్రవరిలో ఆ దేశ కేంద్ర బ్యాంకునే దోచారు. గురువారం రాత్రి మొదలుపెట్టారు. శుక్రవారం ఢాకాలో సెలవు, శనాదివారాలు న్యూయార్క్‌లో సెలవు, సోమవారం చైనా కొత్త సంవత్సరమని మనీలాలో సెలవు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న సొమ్ములోంచి 95.1 కోట్ల డాలర్లు లాగబోతే 8.1 కోట్ల డాలర్లు మనీలా బ్యాంకు ఖాతాలకు చేరిపోయాయి. లావాదేవీల రసీదులు అచ్చువేసే ప్రింటర్ ఆ రోజు పనిచేయలేదు. మామూలు మొరాయింపే అనుకున్నారు సిబ్బంది. ఫైర్‌వాల్ లేదనీ, నెట్‌వర్క్‌కు పది డాలర్ల పాత స్విచ్చులు వాడారనీ బంగ్లాదేశ్ దర్యాప్తు అధికారులు తర్వాత చెప్పారు. గవర్నర్ అతియూర్ రహమాన్ రాజీనామా చేశారు. పుణెలోని కాస్మోస్ బ్యాంకులో 2018 ఆగస్టులో రూ.94 కోట్లు పోయినప్పుడు కూడా దాడి మొదలైంది శనివారమే.

సొమ్ము ఖర్చు కాని పనులు సైతం జరగవనడానికి 2017 మే నెలే సాక్షి. వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లో పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు చిక్కుకున్నాయి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా తెలుగువారు స్థిరపడిన జిల్లా అది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లూ మూగబోయాయి. ఆ కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, ఉచితంగా విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు. పోలీసులు నేర్చుకున్నారా అంటే, 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటికి పొక్కింది. దాని వెనకున్నాడంటూ అరెస్టు చేసింది ఒక విద్యార్థిని.

కాబట్టి సలహా సంస్థను పిలిచేముందు యాజమాన్యం తనను తాను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆడిట్‌కు ఏం చూపిస్తున్నాం? చాలాచోట్ల వెబ్‌సైట్‌ను మాత్రమే చూపించి, సొమ్ము కదిలే అసలు సర్వర్‌ను పక్కనబెడతారు. ముందు గదికి సున్నం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడమే అది. కన్నాలు పూడ్చాక మళ్లీ వచ్చి పరీక్షించే షరతు ఒప్పందంలో ఉందా? ఆ షరతు లేని ఆడిట్ డబ్బు దండగ. ఆడిట్ చేసినవాడే మందు కూడా అమ్ముతున్నాడా? రోగం కనిపెట్టిన వైద్యుడికే మందుల దుకాణమూ ఉంటే రోగాలు పెరుగుతాయని చెప్పడానికి కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు. ఇక, శనివారం రాత్రి రెండు గంటలకు హెచ్చరిక వస్తే ఫోన్ ఎత్తేదెవరు, సర్వర్ ఆపేయమని చెప్పే అధికారం ఎవరికుంది? మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. దీనికి ఏ సలహాదారూ జవాబు చెప్పలేడు, చెప్పాల్సింది మేనేజింగ్ డైరెక్టరే.

ప్రభుత్వం మెల్లగా అటే వస్తోంది. దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాదికి కనీసం ఒక ఆడిట్ తప్పనిసరి అంది, బాధ్యత పై స్థాయి యాజమాన్యానిదేనని చెప్పింది. కాగితం మీద ఇది పెద్ద మార్పే. సర్టిఫికెట్ల కోసం ఆడిట్లు చేసే చోట, ఏడాదికొక ఆడిట్ అంటే ఏడాదికొక సర్టిఫికెట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

వీటన్నిటికంటే గట్టి దెబ్బ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. 2023లో ఆమోదించిన ఈ చట్టం ప్రకారం పౌరుల సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఇది బ్యాంకులకే పరిమితం కాదు. రోగుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే నరసరావుపేట నర్సింగ్‌హోమూ, విద్యార్థుల ఆధార్ నకళ్లు దాచుకునే భీమవరం కాలేజీ కూడా దీని కిందికే వస్తాయి. అలాంటి చోట్ల కంప్యూటర్ల బాగోగులు చూసేది సాధారణంగా ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే కుర్రాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో డాక్టరుగారికి తెలియదు.