గాజు కెంపుల విలువ

1940ల చివరి సంవత్సరాలలో, నేటి జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో, టాటా సంస్థలో ఒక తెలుగు యువకుడు ఉద్యోగం చేసేవారు. తొలి చిత్రం ‘వరూధిని’ నిరాశ మిగల్చగా సినిమా ఆశ విడిచి ఆ ఉక్కునగరం చేరిన ఆ యువకుడే సామర్ల వెంకట రంగారావు. 1951లో ‘పాతాళభైరవి’లో ఆయన నేపాళ మాంత్రికుడైనారు. కోరిన కోర్కెలు తీర్చే ప్రతిమ కోసం సాహసియైన యువకుణ్ణి బలి ఇవ్వజూచిన ఆ మాంత్రికుణ్ణి తెలుగువారు మరువలేదు. ఆ ప్రతిమనూ మరువలేదు.

అటువంటి సినిమా వస్తువులకు ప్రతిరూపాలు చేసి భద్రపరచుకోవడం నేడు దేశదేశాలలో ఒక వ్యాసంగం. పని తేలిక కాదు. అసలు వస్తువు చేతికందదు. తెరమీది నీడ మాత్రమే ఆధారం. నటుని అరచేతితో పోల్చి కొలత నిర్ణయించాలి. ఒక దృశ్యంలో కనబడని వైపును మరొక దృశ్యంలో వెదకాలి. పిదప మట్టి నమూనా, దానికి అచ్చు, అచ్చులో పోత, చివరకు రంగు. నలుపు తెలుపుల చిత్రమైతే ప్రతిమ ఇత్తడి రంగుదో, రాతి రంగుదో తెర చెప్పదు.

జంషెడ్‌పూర్‌కు చేరువనున్న సరాయికేలాలో ఛౌ నృత్యానికి ముసుగులు చేసేవారికి ఇటువంటి పని కొత్త కాదు. మట్టి నమూనాపై కాగితం, పలుచని గుడ్డ పొరలుగా అంటించి, ఆరిన పిదప విడదీసి రంగులద్దుతారు. పాత ముసుగును పోలిన కొత్త ముసుగును ఎవరూ నకిలీ అనరు. అది నృత్యం కొరకు పుట్టినది. పాతదాని పేరుతో అమ్ముడుపోదు.

సినిమా వస్తువుల సంగతి వేరు. ‘ది విజార్డ్ ఆఫ్ ఆజ్’ (1939) కోసం చేసిన కెంపు పాదరక్షల జత ఒకటి 2005లో అమెరికాలోని ఒక ప్రదర్శనశాలలో చోరీ అయింది. నిజమైన కెంపులని ఆశపడిన దొంగకు అవి ఉత్త గాజువని తరువాత తెలిసింది. 2018లో తిరిగి దొరికిన ఆ జతే 2024 డిసెంబరు వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది.

ఆ ధర గాజుది కాదు. అవి ఫలానా చిత్రానికి చెందినవన్న సత్యానిది. ఎంతటి పనివాడైనా ఆ సత్యాన్ని అచ్చులో పోయలేడు. కనుక ప్రతిరూపం చేసేవారు తమ పేరునూ, చేసిన సంవత్సరాన్నీ పీఠం అడుగున పోతలోనే కలిసివచ్చేటట్లు చెక్కాలి. రంగుతో వ్రాసినది చెరిగిపోతుంది. ఆ గుర్తు లేని బొమ్మ నాలుగు చేతులు మారేసరికి అసలుదిగా చలామణి కావచ్చు. అప్పుడు నష్టపోయేవాడు దానిని చేసినవాడు కాదు, నమ్మి కొన్న అభిమాని.