బిడ్డకు ఇన్సోల్, అమ్మీకి సబర్

వుజూ చేసి తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే అడుగుల గుర్తులు పడతాయి కదా. చాలామందికి ఆ గుర్తులో లోపలివైపు మధ్యన కొంత ఖాళీ ఉంటుంది. అది పాదం కమాన్. కొందరికి ఖాళీ ఉండదు, పాదం మొత్తం అచ్చు పడుతుంది. దాన్నే ఫ్లాట్ ఫుట్ అంటున్నారు. ఈమధ్య మన ఖాందాన్‌లలో ఈ మాట తరచుగా వినబడుతోంది, అదీ నాలుగైదేళ్ల పిల్లల గురించి. "పోలీసుల్లో తీసుకోరంట", "ఫౌజ్‌లో తీసుకోరంట", ఆడపిల్లయితే "రేపు రిష్తా వస్తే నడక చూస్తారు". ఆ ఫికర్‌తోనే వేలు పోసి బూట్లు, ఇన్సోళ్లు కొంటున్నారు. ఏడాది తిరక్కుండా పాదం పెరిగి అవి పట్టవు. మళ్లీ కొత్తవి.

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. నొప్పి లేని పిల్లల పాదం మీద పెట్టే ఆ పైసలు బేకార్.

పిల్లలు పుట్టడమే చదును పాదంతో పుడతారు. కమాన్ మెల్లమెల్లగా, పదేళ్లు వచ్చేలోగా తయారవుతుంది. కొందరికి ఎప్పటికీ తయారు కాదు, అయినా జిందగీ అంతా ఏ తక్లీఫ్ లేకుండా తిరుగుతారు. బిడ్డను మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు కమాన్ లేచి కనబడి, నొప్పీ లేకపోతే ఇలాజ్ అక్కర్లేదు. లేవకపోయినా, పాదం బిగుసుకుని ఉన్నా, నొప్పి అన్నా ఎముకల డాక్టర్‌కి చూపించండి. 1989లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో చిన్నపిల్లలకు మూడేళ్లు ప్రత్యేకం బూట్లు, ఇన్సోళ్లు వేసి చూశారు. వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ ఫర్క్ తేలలేదు. మన దేశంలోనే ఇద్దరు డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి 1992లో లెక్క చెప్పారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదం, వట్టికాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం మందికే. మట్టిలో ఆడే పిల్లాణ్ణి లాక్కొచ్చి బిగుతు బూట్లు తొడిగే అమ్మానాన్నలు ఈ లెక్క ఒకసారి చూడాలి.

అదే ఇంట్లో ఇంకో పాదం ఉంటుంది. అమ్మీది, ఖాలాది, ఫుప్పుది. నలభై దాటిన వయసు, కొంచెం బరువు, షుగర్, బీపీ. ఫజర్ నుంచి ఇషా దాకా పొయ్యి ముందు నిలబడే పని. సాయంత్రానికి లోపలి చీలమండ కింద వాపు. ఆమెకు మనం చెప్పే ఇలాజ్ ఏంటి? "ఉమర్ అయింది, సబర్ చెయ్."

ఉమర్ ఒక్కటే కాదు. పిక్క నుంచి దిగి లోపలి చీలమండ వెనక నుంచి పాదం కిందికి పోయే తాడు లాంటిది ఒకటి ఉంది. మన జనం నరం అంటారు గానీ డాక్టర్లు టెండాన్ అంటారు. కమాన్‌ని ఎత్తి పట్టుకునేది అదే. అది అరిగి సాగిపోతే పెద్దవాళ్లలో ఉన్న కమాన్ కూడా కూలుతుంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ లేపమనండి. లేపలేకపోతే అనుమానించాల్సిందే. ఈ దశలో ఇన్సోల్ నిజంగా పనికొస్తుంది. కమాన్‌ని మళ్లీ పుట్టించదు, కింద నుంచి ఆసరా ఇచ్చి ఆ టెండాన్ మీది భారం తగ్గిస్తుంది. వ్యాయామం, బరువు తగ్గడం తోడైతే చాలామందికి నొప్పి దిగుతుంది.

కానీ ఇన్సోల్ చెప్పులో ఉన్నంతసేపే పనిచేస్తుంది. మన ఔరత్‌లు చెప్పులు వేసుకునేది ఎంతసేపు? బజారుకు పోయి వచ్చే గంట. మిగతా పొద్దంతా బండ మీద వట్టికాళ్లు. కాబట్టి ఆసరా ఉన్న చెప్పులు ఒక జత ఇంట్లోకని వేరే ఉంచాలి, వంటింట్లో కూడా వేసుకోవాలి. షుగర్‌తో తిమ్మిరి పట్టిన పాదమైతే దుకాణంలో దొరికిన ఇన్సోల్ దూర్చొద్దు. అది ఒరుసుకుని పుండు పడినా తెలియదు. షుగర్ ఉన్నవాళ్ల పాదం ఎర్రగా, వేడిగా వాస్తే నొప్పి లేకపోయినా ఆ రోజే దవాఖానాకు పోవాలి.

మా ఖాలా నాలుగేళ్లు బామ్ రుద్దుకుంటూ గడిపింది. ఇంకా వంగే పాదమైతే మడమ ఎముకను కోసి లోపలికి జరిపి స్క్రూ వేస్తారు, వేళ్లను వంచే టెండాన్‌ని తెచ్చి చెడినదాని స్థానంలో కడతారు. ఆమె చూపించుకునే నాటికి పాదం బిగుసుకుపోయింది. ఇక మిగిలింది కీళ్లను అతికించేసే ఆపరేషన్. దానితో నొప్పి తగ్గుతుంది, ఆకారం వస్తుంది, కానీ పాదం పక్కలకు తిరగడం పోతుంది, ఎగుడుదిగుడు నేల మీద నడక కష్టం. అందుకే ముందే డాక్టర్‌ని అడగాలి: నేల మీద కూర్చోగలనా, సజ్దా నుంచి లేవగలనా, ఖాయిదాలో పాదం మడిచి కూర్చోగలనా అని. మనం అడగకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. కుర్చీ మీద నమాజ్‌కు మజ్బూరీలో ఇజాజత్ ఉంది, ఆ భయంతో ఆపరేషన్ మానుకోనక్కర్లేదు.

ఇలాంటి ఆపరేషన్ తర్వాత మామూలుగా ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆ కాలు నేలకు ఆనించకూడదు. పూర్తిగా కోలుకోడానికి ఏడాది పట్టొచ్చు. ఖాలాకు రెండుసార్లు తారీఖు ఇచ్చారు. ఒకసారి రంజాన్ అని, ఒకసారి కొడుకు షాదీ అని రెండూ దాటిపోయాయి. అస్లీ సంగతి వేరే. ఆ ఆరు వారాలు వంట ఎవరు చేస్తారో ఇంట్లో మగవాళ్లు ఇంకా తేల్చలేదు.