బండికి ఇంట్లో పడక ఎందుకు?

పత్తి ఏరుడు నడుస్తున్నది కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పత్తి అమ్ముకున్నంక చెప్తే లాభం లేదు. కొంచెం కోపంగానే రాస్తున్న, ఏమీ అనుకోకండి.

రాత్రి తొమ్మిది అయితే చాలు, మన ఊర్లో ఏ వాకిట్లో చూసినా ఒకటే పని. గడప మీద చెక్క వేసుడు, బండిని లోపలికి నెట్టుడు, తలుపుకు గొళ్లెం పెట్టుడు. లోపల ముందు గదిలో ఏముంటది? ఒక పక్క కిటికీ ఎత్తు దాకా పత్తి. మూలకు గోనె సంచులు, మందు డబ్బాలు. ఇంకో పక్క ముసలోళ్ల మంచం, దాని కింద దోమల కాయిల్. గూట్లో దీపం, పక్కన అగ్గిపెట్టె. చలి కొడుతున్నదని కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కుతాం. వీటి నడుమ తలుపుకు అడ్డంగా బండి. నాలుగు లీటర్ల పెట్రోలు డబ్బాలో పోసి మంచం పక్కన పెడతా అంటే మీరు ఒప్పుకుంటారా? మరి ట్యాంకులో ఉంటే అది పెట్రోలు కాదా?

నేనేం పుట్టుకతో తెలివైనోణ్ణి కాదు. పోయినేడు దాకా నేనూ లోపలే పెట్టిన. నాది పాత బండి, కార్బరేటర్ ది. ఒక రాత్రి పొలం నుంచి ఆలస్యంగా వచ్చి, ట్యాంకు కింద పెట్రోల్ నాబ్ ఆఫ్ చేయకుండనే పడుకున్న. కార్బరేటర్ ఓవర్‌ఫ్లో అయ్యి రాత్రంతా చుక్క చుక్క కారింది. తెల్లవారుజామున అమ్మ నీళ్ల పొయ్యి అంటుపెడదామని లేచింది. వాసన వచ్చింది కానీ మందు డబ్బా మూత ఊడిందేమో అనుకుంది. ఆ గదిలో మందు వాసన మాకు అలవాటే గదా. గూట్లో అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. కరెంటు లేక, పుల్ల గీద్దామనుకున్నదట. అంతలో ఆమె కాలికి తడి తగిలి నన్ను పిలిచింది. తలుపులు తీసి, బండిని బయటికి నెట్టి, వెలుతురు వచ్చినంక చూస్తే గచ్చు మీద పారిన పెట్రోలు పత్తి కుప్ప అంచు దాకా పోయి ఉన్నది. మా నాయన ఆ గదిలోనే మంచం మీద ఉన్నడు. ఆయన పట్టుకుంటే తప్ప లేవలేడు.

ఆ పొద్దు నాకు అన్నం దిగలేదు.

చలికాలం గదా, పెట్రోలు ఆవిరి కాదు అని ఒకాయన వాదించిండు. తప్పు. డీజిల్ సంగతి వేరే. పెట్రోలు మన చలికే కాదు, మంచు గడ్డ కట్టే చలికి కూడా ఆవిరి అవుతనే ఉంటది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీదనే పాకుతది. మంచం కిందికి, పత్తి కిందికి, వంటింటి గడప దాకా పోతది. ఎక్కడో అంటుపెట్టిన పొయ్యి మంట దాన్ని పట్టుకుని వెనక్కి బండి దాకా వస్తది. పత్తికైతే పెట్రోలు కూడా అక్కర లేదు, కాయిల్ నిప్పు చాలు. పైన ఆరినట్టే కనపడతది, కుప్ప లోపల గంటల తరబడి రాజుకుంటనే ఉంటది. 101 కు ఫోన్ చేస్తే ఫైరింజన్ వస్తది, కాదనను. పట్నం నుంచి మన ఊరికి వచ్చేసరికి ఇంట్లో ఏం మిగులుతది?

ఇంకో చెడ్డ అలవాటు. పొద్దున చలికి స్టార్ట్ కాదని లోపలే చోక్ లాగి, కిక్కు కొట్టి, ఐదు నిమిషాలు ఇంజన్ వేడి చేసుడు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి వాసన లేదు, రంగు లేదు. మూసిన గదిలో నిద్రపోయే పిల్లల మీదికి దాన్ని వదులుతున్నం. ఎలక్ట్రిక్ స్కూటర్ వాళ్లు నవ్వకండి, మీరు రాత్రంతా తలుపు దగ్గరే చార్జింగ్ పెడుతున్నరు. ఆ బ్యాటరీ అంటుకుంటే బకెట్ నీళ్లకు ఆగదు, ఆరినట్టే ఆరి మళ్లా లేస్తది.

మరి పత్తి ఎందుకు ఇంట్లో పెడుతున్నవ్ అంటరేమో. ఏం చేయాలె? తేమ 8 శాతం లోపు ఉంటేనే సీసీఐ పూర్తి ధర ఇస్తది, 12 దాటితే కొనదు. ఆరాలె, మన వంతు రావాలె. పత్తిని మంచుకు వదిలేయలేం. బయటికి పోవాల్సింది బండే.

దొంగలు అంటరు. నిజమే, నేను కొట్టిపారేయను. పెట్రోలు పైపు పీకినోళ్లు ఉన్నరు, బండ్లు పోయినయి, వీధి దీపం వెలగక ఎన్నాళ్లయిందో మనకే తెలుసు. కానీ లక్షల ట్రాక్టరు వాకిట్లో మంచుకు తడుస్తది. కన్నబిడ్డల లెక్క చూసుకునే ఎద్దులు కొట్టంలో ఉంటయి. వాటికి లేని ఇంటి పడక బండికే ఎందుకు? పోతే పోయేది బండి. అంత భయమున్నోళ్లు ఇన్సూరెన్సు కాగితం తీసి చూడండి, మనలో చాలామందిది థర్డ్ పార్టీ ఒక్కటే. దాంతో దొంగతనానికి రూపాయి రాదు. ఆ భయం అక్కడ చూపెట్టాలె, నాయన మంచం పక్కన కాదు.

నేను చేసింది చెప్తా. ఇంటి పక్క గోడకు రెండు రేకులు దించిన. కింద గుంత తవ్వి, వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప రింగు పెట్టి కాంక్రీటు పోసిన. వెనక చక్రంలోంచి మందపాటి గొలుసు తీసి రింగుకు తాళం. హ్యాండిల్ లాకును నమ్మకండి, గట్టిగ తంతే విరుగుతది. రాత్రి నాబ్ ఆఫ్. కొత్త బండ్లకు నాబ్ ఉండదు, వాసన వస్తే మాత్రం మెకానిక్‌కు చూపెట్టండి. మంచుకు కవరు బిగించి కడితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తది, పాత దుప్పటి వదులుగ కప్పితే చాలు. లోపల ఉన్నన్నాళ్లు పత్తిలో చేరిన ఎలుకలు రెండుసార్లు వైర్లు కొరికినయి, ఆ బాధ కూడా పోయింది.

రింగు లేదని ఆగకండి. ఈ రాత్రికి కొట్టం గుంజకు గొలుసు కట్టండి. రింగు కొలత కావాలంటే పొద్దున మా ఇంటికి రండి, చూపిస్త. తవ్వే గడ్డపార కూడా నా దగ్గరే ఉన్నది.