బాటప్రక్క రాళ్ళు

సెర్బియా పశ్చిమ భాగమున, ముఖ్యముగా ద్రాగాచెవో ప్రాంతమున, పల్లెబాటల ప్రక్కన చెక్కిన రాళ్ళు నిలిచియున్నవి. వీనిని అచ్చటివారు ‘క్రాయ్‌పుతాషి’ అందురు. బాటప్రక్కన ఉండునవి అని భావము. ఇవి సమాధులు కావు. వీని క్రింద దేహము లేదు. 19వ శతాబ్దపు తిరుగుబాట్లు మొదలుకొని 1876-78 టర్కీ యుద్ధములు, 1912-13 బాల్కన్ యుద్ధములు, 1914-18 మహాయుద్ధము వరకు, ఇల్లు విడిచి మరలి రాని సైనికులకై తండ్రులు, సోదరులు, భార్యలు నిలిపిన గుర్తులివి.

వీనిని ప్రదర్శనశాలలకు తరలింపవలెనను వాదమొకటి కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇసుకరాయి వానకు, మంచుకు అరుగును; పూసిన రంగులు వెలసిపోవును; బాటను వెడల్పు చేయువారికి రాయి అడ్డుగా తోచును. అయినను కప్పు క్రిందికి చేరిన రాయి నిలుచునే గాని, అది చేయవలసిన పని నిలువదు.

ఏమిటా పని? రాతిపై వ్రాతయే చెప్పును. సైనికుని పేరు, ఊరు, ప్రాయము, మరణించిన చోటు, రాయి నిలిపినవారి పేరు అందు కనబడును. పెక్కింటిపై బాటసారిని ఆగుమని పిలుచు మాట ఉండును. దేహము దక్కని కుటుంబము తన దుఃఖమును వినుటకు ముక్కు మొగము తెలియని వానిని పిలిచినది. బాటసారి లేనిచోట ఆ పిలుపునకు అర్థమేమి?

1915 శీతకాలమున సెర్బియా సైన్యము అల్బేనియా కొండలు దాటి సముద్రతీరము చేరినది. 1916లో కోర్ఫూ చెంతనున్న విదో దీవిలో రోగపీడితులు వేలకొలది మరణింపగా, నేల చాలక దేహములను కడలికి అప్పగించిరి. థెస్సలోనికీలోని జెయ్‌తిన్లిక్ శ్మశానవాటికలో 7,000 మందికి పైగా సెర్బియా సైనికుల అస్థికలు కలవు. అచ్చట రాజ్యము తన ఋణము తీర్చుకొన్నది. కాని ద్రాగాచెవో తల్లి అంత దూరము పోయి దీపము పెట్టగలదా? ఆమెకు తన ఊరిబాటయే దిక్కు.

1961లో బ్రాంకో వి. రాదిచెవిచ్ వెలువరించిన గ్రంథము ఈ రాళ్ళపై లోకదృష్టిని మరల్చినది. అది గొప్ప సేవ. ఆ దృష్టి జానపదకళ యొద్దనే ఆగిపోవుట మాత్రము న్యాయము కాదు. విప్పారిన కన్నులు, బిగిసిన భుజములు, వరుస గుండీలు, చేత తుపాకి: అందరును ఒక్క తీరుననే ఉన్నారని, శిల్పికి నేర్పు చాలలేదని రసజ్ఞులు తలపవచ్చును. సైన్యపు దుస్తులు అందరిని ఒక్కటిగా చేయును. పేరొక్కటే వేరు చేయును. నేర్పును కొలుచుటకు ముందు ఆ పేరు చదువుట ధర్మము.

బాట వెడల్పగుచో రాతిని నాలుగడుగులు వెనుకకు జరుపుడు. పైన చిన్న కప్పు వేయుడు. అక్షరములు చెరగకుండ చూడుడు. ప్రదర్శనశాలకు అచ్చుపోసిన నకలు చాలును. అసలు రాయి మాత్రము బాటవైపే మొగము పెట్టి నిలిచియుండవలెను.