కొంచెము చిక్కైనచో ఇంగ్లీషేనా?

తెలుగువారిరువురు కలిసికొన్నప్పుడు కుశలప్రశ్నలు తెలుగులోనే జరుగును. కూరల ధరలు, పిల్లల జ్వరములు, వాన రాకడ అన్నియు తెలుగులోనే. అన్నదమ్ముల పంపకము గూర్చియో, పిల్లవాని చదువు గూర్చియో మాట కాస్త లోతునకు దిగినదో లేదో, "సిట్యుయేషన్ కొంచెం కాంప్లికేటెడ్‌గా ఉందండీ" యని వాక్యము ఒడ్డు మార్చును. అదేమని యడిగినచో తెలుగులో అంత సూక్ష్మముగా చెప్పుటకు మాట లేదట! ఈ వాదమును మేము బొత్తిగా అంగీకరింపము.

"కాంప్లికేటెడ్" అన్నవాడు చెప్పినదేమి? లాగినకొలది బిగియునది పీటముడి. ఒకరు కావలెనని పెట్టునది మెలిక. పైకి సాఫీగా కనబడి లోపల వేరొక తీరున నుండునది తిరకాసు. కప్పిపుచ్చిన లోపము లొసుగు. పీటముడికి ఓర్పు కావలెను. మెలిక పెట్టినవానినైతే నిలదీయవలెను. ఇంగ్లీషు మాట నాలుగింటిమీదను ఒకే దుప్పటి కప్పినది. ఇది సూక్ష్మతయా, తప్పించుకొనుటయా?

క్రియాపదముల సంగతి ఇంకను విచిత్రము. "వచ్చాడు, వచ్చాడట, వచ్చినట్టున్నాడు, వచ్చుంటాడు, వచ్చాడేమో": కన్నది, విన్నది, ఆనవాలు పట్టి గ్రహించినది, ఊహించినది, సందేహించినది. చదువు రాని ముసలమ్మ కూడ వీనిని తారుమారు చేయదు. మన పట్టభద్రుడు ఈ తోకలన్నియు కోసివేసి, మొండి "వచ్చాడు"కు ముందు "అప్పారెంట్లీ" అనియు "ప్రాబబ్లీ" అనియు తగిలించి, భాష పేదదని వాపోవును.

రైలును, టిక్కెట్టును వెడలగొట్టుమని మేమనుట లేదు. వస్తువుతో వచ్చిన పేరు రానిండు. ఆలోచనను కూడ అరువు తేవలెనా యనునదే మా ప్రశ్న. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి రసాయనశాస్త్రాదులను తెలుగున అచ్చు వేయించినది. దానికి ప్రాణమువంటి కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు చదివినది నాగపూరులో, మరాఠీవారి నడుమ. ఆయన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, అది పూర్తి గాకమునుపే 1923లో గతించిరి. తెలుగునాటికి వెలుపల చదివినవారికి సాధ్యమైనది మనకేల కాదు?

వెలుపలనున్న మనకే ఈ చింత ఎక్కువ. మన పిల్లలు పెక్కుచోట్ల కన్నడమో, ఒరియాయో, మరాఠీయో చదువుచున్నారు. తమిళనాట 2006 నాటి చట్టముతో బడులలో తమిళము విధిగా నేర్వవలసిన భాష యైనది. ఏ భాష నేర్చినను మేలే. దానితో మాకు తగవు లేదు. కాని చాలమంది పిల్లలకు తెలుగుబడి ఇల్లొక్కటే. ఆ ఇంట "అన్నము తిను, స్నానము చేయి" యను రెండు మాటలు తెలుగులో పలికి, ఆస్తి తగవు, వైద్యుని మాట, రాజకీయ వాదము ఇంగ్లీషులో నడపినచో, పిల్లవాడు తెలుగు పసివాండ్ర భాషయని నిశ్చయించుకొనును. పెద్దవాడైనప్పుడు దానిని విడిచిపెట్టును, వానిని తప్పుపట్టుటెట్లు?

తెలుగు సంఘములు కొన్ని ప్రార్థనాగీతము మాత్రము తెలుగున పాడించి, జమాఖర్చుల చర్చ ఇంగ్లీషున సాగించుచున్నవి. తలక్రిందులుగా చేసి చూడుడు. ప్రార్థన ఏ భాషలోనున్నను దేవుడు వినును. కోశాధికారిని నిలదీయుట మాత్రము తెలుగులో జరుగనిండు, పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టి.