పాత ప్రోగ్రాము - కొత్త లేఖకుడు

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు ఒక విన్నపం చేసుకొనే ఆచారం ఉండేది. చూచినది చూచినట్లు వ్రాసితిమనీ, తప్పులుంటే ఆ దోషం తమది కాదనీ, పండితులు మన్నించవలెననీ దాని సారాంశం. ఆ వినయంలో ఒక గొప్ప ధర్మం దాగి ఉన్నది. అర్థం కాని మాటను ఆ లేఖకుడు అర్థం కాని మాటగానే దించిపెట్టేవాడు. కనుకనే తరువాతి పరిష్కర్తకు అసలు పాఠాన్ని ఊహించే ఆధారం దొరికేది. పరిష్కర్తలను ఎక్కువ బాధించినవాడు అక్షరం తప్పిన లేఖకుడు కాడు. తనకు బోధపడని చోట తోచిన మాట పెట్టి, నడక చెడకుండా అతికించిన తెలివైన లేఖకుడు. అతని తప్పు యతికీ ప్రాసకూ సరిపోయి, తప్పువలె కనిపించదు.

కంప్యూటరు ప్రోగ్రాముల లోకానికి నేడు అటువంటి తెలివైన లేఖకుడు వచ్చి చేరినాడు. కృత్రిమ మేధ అని అతనికి పేరు. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, కావలసినది మాటలలో చెప్పితే ప్రోగ్రాము వ్రాసి ఇచ్చే సాధనాలు విద్యార్థులకు సైతం అందుబాటులోనికి వచ్చినవి. కొత్త ప్రోగ్రాము వ్రాయడంలో వాటి నేర్పును ఎవరూ కాదనవలసిన పని లేదు. అయితే ఫీజుల లెక్కలు, మార్కుల జాబితాలు, దరఖాస్తులు మొదలైన నిత్యకృత్యాలు ఎన్నో చోట్ల ఏనాడో వ్రాసిన వెబ్ ప్రోగ్రాములమీద సాగుతున్నవి. వాటిముందు ఈ లేఖకుణ్ణి కూర్చోబెట్టేటప్పుడు ఏ ధర్మం పాటించవలెననేదే ప్రశ్న.

తాటాకును చెదపురుగు తినగలదు. ప్రోగ్రాములోని అక్షరం చెడదు. అయినా ప్రోగ్రాముకు వార్ధక్యం తప్పదు. అది నిలిచిన నేల కదులుతూ ఉండడమే దానికి కారణం. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో లోకానికి విడుదల చేసిన పీహెచ్‌పీ అనే భాషలో అసంఖ్యాకంగా వెబ్‌సైట్లు వెలసినవి. 2015 డిసెంబరులో వచ్చిన 7వ కూర్పులో, మైఎస్‌క్యూఎల్ సమాచార భాండారంతో మాట్లాడేందుకు అంతవరకు వాడుకలో ఉన్న పాత ఆదేశాలను పూర్తిగా తొలగించినారు. 5.6వ కూర్పుకు భద్రతా సవరణలు 2018 చివరతో ఆగిపోయినవి. అప్పటి వెబ్‌సైటు ఉన్నచోటనే ఉంటే తలుపు గడియ ఊడిన ఇల్లవుతుంది. ముందుకు జరుపుదామంటే నడక ఆగిపోతుంది. సవరించక తప్పదు.

సవరించడమెందుకు, పాతదానిని పారవేసి కొత్తది కట్టరాదా అనేవారున్నారు. ఆ మార్గం తొక్కినవారి అనుభవం చరిత్రలో ఉన్నది. బ్రౌజరు రంగంలో ఒకనాడు అగ్రస్థానంలో వెలిగిన నెట్‌స్కేప్ సంస్థ 1998లో తన పాత ప్రోగ్రామును విడిచి, కొత్తది మొదటినుండి వ్రాయ సంకల్పించింది. ఫలితంగా 6వ కూర్పు బయటికి వచ్చేసరికి 2000 సంవత్సరం ముగింపుకు వచ్చింది. ఈలోగా పోటీదారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విపణిని ఆక్రమించింది. నెట్‌స్కేప్ పతనానికి కారణాలు మరికొన్ని ఉన్నా, చేతిలోనిది విడిచిన ఆ రెండేళ్ళ కాలం దానికి కలిసిరాలేదు.

పాత ప్రోగ్రాములో వికారంగా కనిపించే పంక్తి ఒకానొక అనుభవానికి గుర్తు కావచ్చును. ఒక ఉదాహరణ ఊహించవచ్చును. ఒక పాఠశాల మార్కుల ప్రోగ్రాములో పరీక్షకు రాని విద్యార్థికి సున్నాకు బదులు ‘మైనస్ ఒకటి’ అని నమోదు చేసే ఏర్పాటు ఉన్నదనుకొందురు గాక. సున్నా వేరు, గైర్హాజరు వేరు అని తెలిసిన ఉపాధ్యాయుడెవరో చేసిన ఏర్పాటు అది. ఆ గుర్తునుబట్టే తిరిగి పరీక్ష పెట్టవలసినవారి జాబితా తయారవుతుంది. ఈ సంగతి ఎక్కడా వ్రాసి లేదు. తప్పులు సరిదిద్దవలసిందని కృత్రిమ మేధకు అప్పగిస్తే, మార్కులు సున్నాకు తక్కువ ఉండరాదని అది ఎంతో సమంజసంగా వాదించి, అన్నిటినీ సున్నా చేయవచ్చును. ప్రోగ్రాము చక్కగానే నడుస్తుంది. పరీక్షనాడు జ్వరంతో మంచం పట్టిన పిల్లవాడు మాత్రం తప్పినవారి జాబితాలో చేరతాడు. తెలివైన లేఖకుడి దిద్దుబాటు ఇటువంటిదే.

ఈ సాధనాల వేగమైనా నిజమేనా అన్నది విచారించదగినది. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. చిరకాలంగా తాము పోషిస్తున్న ప్రోగ్రాములమీద అనుభవజ్ఞులైన 16 మంది, 246 పనులు చేసినారు. కృత్రిమ మేధను వాడనిచ్చిన పనులకు 19 శాతం కాలం అధికంగా పట్టింది. వింత ఏమంటే, పని ముగిసిన తరువాత కూడా తాము 20 శాతం త్వరగా చేసినామనే వారు నమ్మినారు. ప్రయోగం చిన్నది, ఆనాటి సాధనాలకే పరిమితమైనది. అయినా, వేగంగా సాగుతున్నదనే భావం వేగానికి నిదర్శనం కాదని అది తెలుపుతున్నది.

అంతమాత్రాన సాధనాన్ని వెలివేయడం వివేకం కాదు. పాతదంతా పవిత్రమూ కాదు. చూచేవాడు టైపు చేసిన మాటను పరిశీలించకుండా సమాచార భాండారపు ఆదేశంలో అతికించే పాత అలవాటు, దుర్మార్గుడికి తాళంచెవి ఇచ్చినట్లే. దానిని దిద్ది తీరవలెను. కావలసినది క్రమం. మొదట ఈ లేఖకుణ్ణి వ్రాయమనరాదు, చదవమనవలెను. ఏ భాగం ఏమి చేస్తున్నదో, దేనిమీద ఆధారపడి ఉన్నదో అడిగి, చెప్పిన ప్రతి మాటనూ మూలంతో పోల్చి చూడవలెను. పాత ప్రోగ్రాములనుగూర్చి మైకేల్ ఫెదర్స్ 2004లో ప్రకటించిన గ్రంథం ఉపదేశించినట్లు, ప్రోగ్రాము ప్రస్తుతం ఎలా ప్రవర్తిస్తున్నదో అలాగే పట్టి ఉంచే పరీక్షలు ముందుగా వ్రాసుకొనవలెను. ఆ పరీక్షల రచనలో కృత్రిమ మేధ మంచి సహాయకుడు. పై ఉదాహరణలోని ప్రోగ్రాముకు అటువంటి పరీక్ష ఒక్కటి ఉన్నా, గైర్హాజరు సున్నాగా మారిన క్షణంలో బయటపడి ఉండేది. ఆపైన దిద్దుబాటు చిన్న చిన్న అంచెలలో, నకలు ప్రతిమీద, పాత పాఠం భద్రంగా ఉండగా జరగవలెను. ప్రతి పంక్తినీ బాధ్యత వహించే మనిషి చదివి ఒప్పుకొనవలెను. చూచినట్లు వ్రాసితినని చెప్పుకొనే హక్కు ఈ లేఖకుడికి లేదు. క్షమాపణ చెప్పుకొనవలసినవాడు అతణ్ణి నియోగించినవాడే.

చదవగల నేర్పు తెలుగువారికి కొత్త కాదు. 2000 సంవత్సరం రాకముందు, రెండంకెలతో సంవత్సరం వ్రాసిన పాత ప్రోగ్రాములను సరిదిద్దేందుకు సముద్రాలు దాటిన యువకులలో తెలుగువారు పలువురు. ఎవరో ఎన్నడో వ్రాసిన వేల పంక్తులను ఓపికతో చదవడమే అప్పుడు వారికి అన్నం పెట్టిన విద్య.

ఆ విద్యకు పాఠశాలలో చోటు కల్పించడం ఉపాధ్యాయులకు అసాధ్యం కాదు. తెలుగు తరగతిలో పద్యం చెప్పేటప్పుడు ప్రతిపదార్థం తెలిసిన తరువాతనే తాత్పర్యం చెప్పించడం అనాదిగా ఉన్న పద్ధతి. కంప్యూటరు తరగతిలోనూ నూరు పంక్తుల పాత ప్రోగ్రాము ఒకటి ఇచ్చి, ఏ పంక్తి ఎందుకున్నదో విద్యార్థి చేత చెప్పించవచ్చును. తాత్పర్యం కృత్రిమ మేధ క్షణంలో వ్రాసి ఇస్తుంది. అది సరియో కాదో చెప్పవలసివచ్చిననాడు, ప్రతిపదార్థం నేర్చిన విద్యార్థి మాత్రమే నోరు విప్పగలడు.